కళాయి నుంచి ఎపాక్సీ వరకు: ఆహారపాత్రల లోపూత చరిత్ర – ఉత్తరాంధ్ర నేపథ్యం

వ్యాస సంగ్రహం: ఆహారాన్ని లోహపాత్ర నుంచి వేరుచేసే పలుచని పూతకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఇత్తడి, రాగి పాత్రలకు వేసే కళాయి మొదలుకొని నేటి రేకు డబ్బాల లోపల ఉండే ఎపాక్సీ పూత వరకు ఆ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి పూతా అంతకుముందున్న విషానికి విరుగుడుగా వచ్చి, తానే కొత్త ప్రశ్నగా మారింది. ఈ క్రమంలో పూతను గురించిన జ్ఞానం వంటింటి నుంచి కర్మాగారానికి తరలిపోయిందని, ఆ తరలింపు తెలుగు మాటల్లో కూడా నమోదైందని ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: కళాయి, తగరం, చిలుము, డబ్బా, లక్క, బిస్ఫినాల్-ఎ, ఆనందపురం.

1. ఉపోద్ఘాతం

ఆనందపురం ప్రాంతం నుంచి వచ్చే విద్యార్థులున్న ఒక డిగ్రీ తరగతిలో "కళాయి అంటే ఏమిటి?" అని అడిగాను. "మూకుడు, మేడమ్. కూర వేపుకునేది" అని దాదాపు అందరూ ఒకే జవాబు చెప్పారు. జవాబు తప్పు కాదు. హిందీ 'కడాహీ' తెలుగులోకి వచ్చి, ఇవాళ కోస్తా వంటిళ్లలోనూ వంటల పుస్తకాల్లోనూ 'కళాయి'గా స్థిరపడింది. కాని ఆ తరగతిలోని పిల్లల అమ్మమ్మలను ఇదే ప్రశ్న అడిగితే వేరే జవాబు వస్తుంది. వారికి కళాయి ఒక గిన్నె పేరు కాదు. గిన్నె లోపల వేయించే తగరపు పూత పేరు. ఉచ్చారణలో ఒకటిగా కలిసిపోయిన ఈ రెండు మాటలలో పాత్ర పేరు మిగిలింది, పూత పేరు మరుగునపడింది. భాషాశాస్త్రంలో ఇది సాధారణమైన పరిణామమే. ఆహార చరిత్రలో మాత్రం దీన్ని అంత తేలికగా వదిలేయలేం.

ఆనందపురం కూడలి విశాఖపట్నం నుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపు సాగే జాతీయ రహదారి మీద ఉంది. తెల్లవారుజామునే సందడి మొదలయ్యే పూల మార్కెట్ ఆ ఊరికి పేరు తెచ్చింది. బంతి, చామంతి, కనకాంబరం, మల్లె ఏవైనా ఆ పూట అమ్ముడుపోవలసినవే. అలాంటి చోట కిరాణా దుకాణపు అల్మరాలో పాలపొడి డబ్బా, అనాస ముక్కల డబ్బా, రసగుల్లాల డబ్బా, శీతలపానీయపు డబ్బా నెలల తరబడి చెడకుండా కూర్చుంటాయి. అవి చెడకపోవడానికి గల కారణాల్లో లోపలి పూత ఒకటి. కొనేవారెవరికీ ఆ పూత పేరు తెలియదు. ఈ వ్యాసానికి మూలం ఆ చిన్న వైరుధ్యమే.

2. పులుపు, చిలుము, కళాయి

తెలుగు వంటలో పులుపు ప్రధానమైన రుచి. చింతపండు, మామిడి, గోంగూర, మజ్జిగ – ఇవి లేని భోజనం అరుదు. ఈ పులుపుకు రాగితో, ఇత్తడితో పడదు. ఆమ్లం తగిలితే రాగి కరిగి లవణాలుగా మారుతుంది. పాత్ర అంచున పచ్చగా కనిపించే చిలుము కూడా ఆ లోహం నుంచి పుట్టిన లవణమే. పులుసును ఇత్తడి గిన్నెలో నిలవ ఉంచకూడదన్నది, ఊరగాయ జాడీలోనే పెట్టాలన్నది, మజ్జిగకు మట్టికుండే మేలన్నది మన పెద్దలు ఆచారంగా పాటించిన రసాయనశాస్త్రం. "చిలుమెక్కిన గిన్నెలో వండితే వాంతులవుతాయి" అని ఇంటి ఆడవాళ్లు చెప్పిన మాటలో అతిశయోక్తి లేదు. రాగి లవణాలు కడుపులోకి పోతే మొదట కనిపించే లక్షణం అదే.

అయినా ఇత్తడిని విడిచిపెట్టడం కుదరదు. మట్టి పగులుతుంది, ఇత్తడి తరాలు నిలుస్తుంది. కూతురి సారెలో వెళ్లేది ఇత్తడి, అవసరానికి తాకట్టు పెట్టేది ఇత్తడి. శ్రీకాకుళం జిల్లా బుడితి వంటి ఊళ్లలో కంచరివారు ఇత్తడి, కంచు సామాను చేసే పని నేటికీ నిలిచి ఉంది. అందువల్ల పాత్రను మార్చకుండా పాత్ర లోపలి తలాన్ని మార్చడమే ఉపాయమయింది. అదే కళాయి.

ఆ మాట ప్రయాణం కూడా ఆసక్తికరమైనది. తగరాన్ని సూచించే అరబ్బీ పదం 'ఖలఈ' పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరింది. దాన్ని మలయా ద్వీపకల్పంలోని 'కలహ్' అనే పాత రేవుతో ముడిపెట్టే వ్యుత్పత్తి ప్రసిద్ధమైనది. మన దేశంలో తగరపు గనులు స్వల్పం. శతాబ్దాలుగా ఈ లోహం తూర్పు సముద్రం దాటి ఓడల్లో వచ్చింది. సంస్కృతంలో త్రపు, వంగం అని దీనికి వేరే పేర్లున్నాయి. వైద్యగ్రంథాలు వంగాన్ని తగరానికి, నాగాన్ని సీసానికి వాడి రెండింటినీ స్పష్టంగా వేరుచేశాయి. ఈ వేర్పాటు ముందు ముందు మనకు అవసరమవుతుంది. ఆనందపురానికి పక్కనే ఉన్న తగరపువలస పేరు చూసి తొందరపడాలని నాకూ అనిపించింది. ఉత్తరాంధ్రలో 'వలస'తో ముగిసే ఊరిపేర్ల మొదటి భాగం తరచుగా ఒక వ్యక్తినో ఇంటిపేరునో చెబుతుంది కనుక ఆ పేరును లోహచరిత్రకు సాక్ష్యంగా వాడుకోవడం లేదు.

కళాయి వేయడం వీధిలో, అందరి కళ్లెదుట జరిగే పని. నేలలో చిన్న గుంట తవ్వి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రాజేస్తారు. గిన్నెను ఇసుకతో, చింతపండుతో తోమి మంటపై వేడిచేస్తారు. నవాసారం పొడి చల్లగానే తెల్లని ఘాటైన పొగ లేస్తుంది. లోహం మీది మలినాన్ని తొలగించి తగరం అంటుకునేటట్లు చేసేది ఆ పొడే. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. కడ్డీని వేడి గిన్నెకు తాకించి, దూదితోనో పాతగుడ్డతోనో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా మెరుస్తుంది. నీళ్లలో ముంచగానే వచ్చే 'సుయ్' శబ్దం కోసం పిల్లలు చుట్టూ మూగేవారు. మా ఊళ్లో కళాయి వేసే సాయిబుగారు వచ్చిన రోజు బడికి హాజరు తగ్గేదని మా నాన్నమ్మ చెప్పేది.

ఈ పూత శాశ్వతం కాదు. కొన్ని నెలల్లో అరుగుతుంది. అరిగినచోట లోపలి నుంచి ఎరుపో పసుపో తొంగిచూస్తుంది. అప్పుడు ఇల్లాలు ఆ గిన్నెను పక్కన పెడుతుంది. పూత ఎప్పుడు పోయిందో నిర్ణయించే అధికారం వంటింట్లోనే ఉండేది. దానికి కావలసిన పరికరం కన్ను ఒక్కటే.

దీన్ని స్వర్ణయుగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. తగరం ఖరీదైనది, సీసం చవక. రెండూ కలిపి వేసిన కళాయి కూడా తొలిరోజు అంతే మెరుస్తుంది. వైద్యులు వేరుచేసిన వంగ నాగాలను వీధిలోని కొలిమి కలిపేయగలదు. ఆ కల్తీని కన్ను పట్టుకోలేదు. చిలుము వెంటనే వాంతి రూపంలో హెచ్చరిస్తుంది. సీసం అలా హెచ్చరించదు. అది ఏళ్ల తరబడి ఎముకల్లో నిలవ ఉంటుంది, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కంటికి కనిపించే విషం నుంచి కనిపించని విషానికి మారడం డబ్బాలతోనే మొదలు కాలేదన్నమాట.

తర్వాత అల్యూమినియం వచ్చింది. తగరం, సీసం వంటివి కలిసిన మిశ్రలోహానికి ఉన్న 'సత్తు' అనే పాతపేరునే జనం దానికి పెట్టుకున్నారు. ఆపైన స్టీలు వచ్చి కళాయి అవసరాన్నే తొలగించింది. స్టీలు గిన్నెకు లోపూత అక్కర్లేదు. వీధిలో కేక ఆగిపోయింది. పూత అనే ఆలోచన వంటింటి నుంచి తప్పుకున్న ఆ కాలంలోనే మరో పూత మూతబిగించిన డబ్బాలో ఇంట్లోకి వచ్చింది.

3. డబ్బా

ఆహారాన్ని గాలి చొరని పాత్రలో ఉంచి వేడిచేస్తే చెడదని ఫ్రాన్సుకు చెందిన నికొలా అపేర్ 1810లో పుస్తకంగా ప్రకటించాడు. ఆయన వాడింది గాజు సీసాలు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ పొందిన పేటెంటులో లోహపు డబ్బాలు చేరాయి. 1813 నాటికి లండన్‌లో బ్రయన్ డాంకిన్ కర్మాగారం సైన్యానికి డబ్బా మాంసం అందించడం మొదలుపెట్టింది. ఆ డబ్బా ఇనుప రేకు మీద తగరపు పూతతో తయారైంది. సూత్రరీత్యా అది మన కళాయి గిన్నెకు దగ్గరి చుట్టమే. ఇక్కడ ఇత్తడి, అక్కడ ఇనుము. రెండు చోట్లా ఆహారానికీ లోహానికీ నడుమ నిలిచింది తగరమే.

తెలుగువారి ఇళ్లలోకి రేకు డబ్బా ఆహారంతో కాక కిరసనాయిలుతో వచ్చిందనడం సమంజసం. నాలుగు గ్యాలన్ల చదరపు డబ్బా ఖాళీ అయ్యాక నీళ్లకు, బియ్యానికి, చివరికి పైకప్పుకు కూడా పనికివచ్చింది. ఆ డబ్బాల రేకు కోసమే 1920లో జంషెడ్‌పూర్ దగ్గర గోల్మురిలో టిన్‌ప్లేట్ కంపెనీ ఏర్పడింది. చమురు కంపెనీ, టాటాలు అందులో భాగస్వాములు. విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైంది. కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం 1957లో వచ్చింది. ఉక్కునగరమని పేరున్నా విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది కడ్డీలు, తీగచుట్టలు, దూలాలు వంటి పొడుగు సరుకు. డబ్బా రేకు ఇక్కడ తయారుకాదు.

ఆహారపు డబ్బాగా మన నుడికారంలో నిలిచింది ఒక్కటే, పాలడబ్బా. 'డబ్బాపాలు తాగి పెరిగినవాడు' అనే మాటలో ఎత్తిపొడుపు ఉంది. తల్లిపాలకు నోచుకోనివాడనీ ఒంట్లో సత్తువ లేనివాడనీ దాని ధ్వని. జనం అనుమానించింది డబ్బాలోని పాలను. డబ్బాను కాదు. 1992 నాటి శిశుపాల ప్రత్యామ్నాయాల చట్టం పట్టించుకున్నదీ ప్రధానంగా ప్రచారాన్నీ అమ్మకాన్నీ. డబ్బా లోపలి గోడ గురించి మన సామెతలలోగాని చట్టపు చర్చలలోగాని చాలాకాలం ఊసే లేదు.

4. సీసపు అతుకు

పందొమ్మిదో శతాబ్దపు డబ్బా అతుకులను సీసం, తగరం కలిసిన టంకంతో మూసేవారు. 1845లో 129 మందితో ఉత్తరధ్రువ సముద్రానికి బయలుదేరిన ఫ్రాంక్లిన్ నౌకాబృందంలో ఒక్కరూ తిరిగిరాలేదు. మంచులో చెడకుండా మిగిలిన శవాలను 1980లలో పరీక్షించినప్పుడు వాటిలో సీసం అధికంగా కనిపించింది. డబ్బాల టంకమే కారణమని మొదట గట్టిగా వాదించారు. ఓడలోని నీటి గొట్టాలు కారణమని తర్వాత కొందరు వాదించారు. ఆ చర్చ ఎలా తేలినా, అతుకులలోని సీసం ఆహారంలోకి చేరుతుందన్న సంగతి స్థిరపడింది. అమెరికాలో ఆహారపు డబ్బాలకు సీసపు టంకాన్ని పూర్తిగా నిషేధించింది 1995లో. డాంకిన్ కర్మాగారం నుంచి లెక్కిస్తే 180 ఏళ్లు దాటాయి.

5. లక్క నుంచి లాకర్‌కు

సీసాన్ని పక్కన పెట్టినా తగరంతో చిక్కు తీరలేదు. పులుపు తగరాన్ని కూడా నెమ్మదిగా కరిగిస్తుంది. అందుకే డబ్బా ఆహారంలో తగరం కిలోకు 250 మిల్లీగ్రాములు, డబ్బా పానీయాల్లో 150 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం చెబుతోంది. చేప, రొయ్య, బఠాణీ వంటి వాటిలోని గంధకం లోహంతో కలిస్తే డబ్బా లోపల నల్లబడుతుంది. ఎర్రని పండ్ల రంగు తగరం తగిలి వెలిసిపోతుంది. అనాస వంటి లేతరంగు పండ్లకు మాత్రం పూతలేని తగరమే మేలు చేస్తుంది, రంగు నిలుపుతుంది. ఇలా ఒక్కో ఆహారానికి ఒక్కో లోపలి గోడ కావలసి వచ్చింది. తగరం మీద మరో పూత పుట్టింది. పరిశ్రమ దానికి పెట్టిన పేరు 'లాకర్'.

ఈ పేరు మూలం మన 'లక్క' కుటుంబానిదే. సంస్కృత లాక్షా, ప్రాకృత లక్ఖా, తెలుగు లక్క. ఆ మాట ఐరోపా భాషల్లోకి వెళ్లి లాకర్ అయింది. విశాఖకు దక్షిణాన వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల మీద ఇవాళ్టికీ లక్క పూస్తారు. తిరిగే కర్రకు లక్కముద్దను నొక్కితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. బొమ్మను నోట్లో పెట్టుకునే పసివాడి కోసం విత్తనాలు, ఆకులు, బెరళ్ల నుంచి తీసిన రంగులు వాడుతున్నామని అక్కడి కళాకారులు గర్వంగా చెబుతారు. డబ్బాల తొలి పూతలు కూడా చెట్ల బంకలు, నూనెలు కలిపి చేసినవే. పేరు మారకుండా పదార్థం మారడం రెండో ప్రపంచయుద్ధం తర్వాత జరిగింది. చెట్టుబంక స్థానంలో ఎపాక్సీ రెజిన్ వచ్చింది.

తెలుగునేలపై డబ్బా పరిశ్రమ పెద్దయెత్తున పెరిగింది చిత్తూరు జిల్లాలో, మామిడి గుజ్జుతో. అక్కడ తోతాపురి, మన వైపు కలెక్టర్ మామిడి అనే కాయే దానికి ముఖ్యమైన ముడిసరుకు. కండబలం, పులుపు ఉన్న పండు అది. ఇవాళ ఎగుమతి గుజ్జులో పెద్దభాగం క్రిమిరహిత సంచుల్లో, పీపాల్లో వెళ్తుంది. అయినా 850 గ్రాముల మామిడి గుజ్జు డబ్బా అమెరికాలోని భారతీయ దుకాణాల్లో తెలుగు గృహిణులకు చిరపరిచితం. అదే మామిడిని విజయనగరం జిల్లా భీమాళిలో ఈతచాపల మీద ఎండబెట్టి తాండ్రగా నిలవచేస్తారు. ఒకే పండుకు రెండు నిలవ పద్ధతులు. చాప ఏ ఆకుతో అల్లారో తాండ్ర తినేవారికి తెలుసు.

6. బిస్ఫినాల్-ఎ

ఎపాక్సీ తయారీలో ముఖ్య పదార్థం బిస్ఫినాల్-ఎ. రెండు ఫినాల్ అణువులు, ఒక అసిటోన్ అణువు కలిస్తే అది ఏర్పడుతుంది. పేరు చివరి 'ఎ' అసిటోన్‌ను సూచిస్తుంది. రష్యన్ రసాయనవేత్త అలెగ్జాండర్ డయానిన్ 1891లో దీన్ని తయారుచేశాడు. 1936లో లండన్‌లో ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ బృందం కృత్రిమ స్త్రీ హార్మోన్ల కోసం వెతుకుతూ దీన్ని పరీక్షించింది. దీనికి ఈస్ట్రోజెన్ గుణం ఉందని తేల్చింది. రెండేళ్ల తర్వాత అంతకంటె శక్తిమంతమైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ దొరకడంతో మందుగా బిస్ఫినాల్‌ను వదిలేశారు. ఆ రెండో మందును గర్భవతులకు ఇచ్చారు. వారి కూతుళ్లలో అరుదైన క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడింది.

నన్ను ఆపివేసిన విషయం ఈ కాలక్రమమే. సీసం విషయంలో వాడకం ముందు, నిషేధం తర్వాత. తెలియక జరిగిందని కొంత సర్దిచెప్పుకోవచ్చు. బిస్ఫినాల్ విషయంలో క్రమం తలకిందులైంది. అది హార్మోన్‌లా పనిచేస్తుందని తెలిసిన తర్వాతే డబ్బాలోకి చేరింది. కనుగొన్నది వైద్యులు, వాడింది ప్లాస్టిక్ ఇంజనీర్లు. రెజిన్‌గా గట్టిపడ్డాక అది కదలదని ఇంజనీర్లు భావించారు. కాని డబ్బాను మూసిన తర్వాత 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. పూతలో కలవకుండా మిగిలిన బిస్ఫినాల్ ఆ వేడికి ఆహారంలోకి దిగుతుంది.

స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1995లో డబ్బా కూరగాయల ద్రవంలో దీన్ని గుర్తించారు. ఆ ద్రవానికి ఈస్ట్రోజెన్ గుణం ఉందని కూడా చూపారు. 2011లో హార్వర్డ్ పరిశోధకులు 75 మందిని తీసుకుని, ఐదు రోజులు డబ్బా సూపు, మరో ఐదు రోజులు తాజా సూపు తాగించారు. డబ్బా సూపు తాగిన రోజుల్లో వారి మూత్రంలో బిస్ఫినాల్-ఎ పదిరెట్లకు పైగా పెరిగింది. శరీరం దీన్ని త్వరగానే విసర్జిస్తుంది. కాబట్టి సీసంతో దీన్ని సమానం చేయలేం. రోజూ కొత్తగా లోపలికి చేరుతుంటే మాత్రం ఆ ఓదార్పు నిలవదు.

ఎంత మోతాదు ప్రమాదకరమన్నదానిపై శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2015లో శరీర బరువు కిలోకు రోజుకు 4 మైక్రోగ్రాములను పరిమితిగా పెట్టింది. 2023లో దాన్ని 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు తగ్గించింది. జర్మనీ సంస్థ అంత తగ్గింపుకు ఒప్పుకోక, దానికి వెయ్యిరెట్లు ఎక్కువైన పరిమితిని సూచించింది. ఎనిమిదేళ్లలో ఒక సంఖ్య ఇన్ని రెట్లు మారిందంటే, 'పరిమితిలోనే ఉంది' అనే మాటకు ఎంత బరువివ్వాలో చరిత్ర విద్యార్థి ఆలోచించుకోవాలి.

మన దేశంలో నిషేధం పాలసీసా దగ్గర మొదలైంది. 2015 నాటి భారతీయ ప్రమాణం పసిపిల్లల ప్లాస్టిక్ పాలసీసాల్లో బిస్ఫినాల్-ఎ ఉండరాదంది. 2018 ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు అనేక పదార్థాలకు ప్రమాణాలు విధించాయి. లోపూత పేరును కొనేవారికి చెప్పాలన్న షరతు మాత్రం వాటిలో చేరలేదు.

7. పేరు తెలిసిన రసాయనం

విశాఖ ప్రాంతపు సామాన్యులకు ప్యాకేజింగ్ పరిశ్రమకు చెందిన ఒక రసాయనం పేరు మాత్రం బాగా తెలుసు. అది స్టైరీన్. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన ఆవిరికి 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1997లో చేతులు మారిన కర్మాగారం అది. అక్కడ అప్పట్లో తయారైన పాలీస్టైరీన్ ఉపయోగాల్లో వాడి పారేసే కప్పులు, తినుబండారాల పెట్టెలు కూడా ఉన్నాయి. స్టైరీన్, బిస్ఫినాల్ వేర్వేరు రసాయనాలు. ఆ దుర్ఘటనను డబ్బా పూతతో పోల్చడం పొరపాటు. ఇక్కడ దాన్ని ప్రస్తావించడానికి కారణం భాషకు సంబంధించినది. ఆ వారంలో తెలుగు పత్రికలు స్టైరీన్ అంటే ఏమిటో, ఏ ఉష్ణోగ్రతలో ఎలా ఉంచాలో, ఏ నిరోధకం కలపాలో బొమ్మలు గీసి వివరించాయి. పల్లెల్లో చదువురానివారి నోట కూడా ఆ పేరు నలిగింది. ఒక రసాయనం పేరు మన భాషలోకి రావడానికి 12 ప్రాణాలు పోవలసి వచ్చింది. నెమ్మదిగా పనిచేసే పదార్థానికి అలాంటి తెల్లవారుజాము ఉండదు.

ఆనందపురం కూడలిలో కొన్న అనాస డబ్బాను తరగతికి తీసుకెళ్లి, దాని మీద ఉన్నదంతా తెలుగులో రాయమన్నాను. శాకాహారపు ఆకుపచ్చ చుక్క, చక్కెర శాతం, తయారీ తేదీ, గడువు, లైసెన్సు సంఖ్య అన్నీ రాశారు. డబ్బా కోసి లోపల వేలితో తడిమిన ఒక అమ్మాయి "ఇది రేకేనా మేడమ్, దీనిమీద ఏమైనా వేశారా?" అని అడిగింది. తగరపు మెరుపు కనిపిస్తోంది కనుక రేకేనని చెప్పాను. పక్కనే కోసి ఉంచిన శీతలపానీయపు డబ్బా లోపల చూపించాను. అక్కడి పూతకు రంగు లేదు, వాసన లేదు. అరిగిందో లేదో చూసి చెప్పగల కన్ను లేదు.

ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 19న ఆహారాన్ని తాకే పదార్థాల్లో బిస్ఫినాల్-ఎ వాడకాన్ని నిషేధించే నిబంధనను ఆమోదించింది. అది 2025 జనవరి 20 నుంచి అమల్లోకి వచ్చింది. చాలా వస్తువులకు 18 నెలలు, పండ్లు, కూరగాయలు, చేపలు నిలవచేసే డబ్బాల వంటి వాటికి 36 నెలలు గడువిచ్చింది. బిస్ఫినాల్-ఎస్, బిస్ఫినాల్-ఎఫ్ అనే దాని సోదర పదార్థాలను బదులుగా వాడిన అనుభవం అప్పటికే ఉంది. అవీ హార్మోన్లను కదిలిస్తాయని తేలింది. అందుకే కొత్త నిబంధన ప్రమాదకరమైన ఇతర బిస్ఫినాళ్లనూ కలుపుకుంది. పాలిస్టర్, అక్రిలిక్ పూతలు ఇప్పుడు వాటి స్థానంలోకి వస్తున్నాయి. ఐరోపాకు మామిడి గుజ్జు పంపే చిత్తూరు కర్మాగారం 2028 జనవరి నాటికి తన డబ్బా లోపలి పూతను అక్కడి కొనుగోలుదారుకు ధ్రువపత్రంతో సహా చెప్పుకోవాలి. ఆ పత్రంలో పూత పేరు ఉంటుంది. అదే డబ్బా ఆనందపురం దుకాణానికి వచ్చేటప్పుడు దాని వెంట ఆ పత్రం రాదు.